మామకు చెప్పిన చిరునామా

పోయిన వారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చానో లేదో ఫోన్ మోగింది. పార్సిల్ తెచ్చినాయన. "అమ్మా, మీ ఇంటి ముందరే ఉండాను, కాస్త బయటికి రండి" అన్నాడు. తలుపు తీసి చూస్తే వీధిలో ఎండ తప్ప ఎవరూ లేరు. "యాడప్పా నువ్వుండేది?" అంటే, "ఈడే, ఎమ్మిగనూరులో" అన్నాడు. నేనుండేది ఆదోనిలో. మిక్సీ జారుకు రబ్బరు వాషరు కావాలని ఫోన్‌లో నొక్కినప్పుడు, ఎప్పటిదో పాత చిరునామా ఒకటి అందులో దాక్కుని ఉండి, నన్నడక్కుండానే ముందుకొచ్చి కూర్చున్నట్టుంది. ఇల్లు మారి ఏళ్ళు గడిచాయి. అన్ని చోట్లా మార్పించాననే అనుకున్నాను. ఈ ఒక్క చోట మాత్రం ఇంకా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలోనే కాపురం చేస్తున్నానన్నమాట. మా ఆయన సంగతి విని, "పోయి తెచ్చుకోపో, దోవ తెలుసు కదా" అని పేపరులో తల దూర్చుకున్నాడు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. ఆ పార్సిలాయన మాట్లాడుతున్నప్పుడు వెనకాల, ఫోన్లోంచి, ఎవరి ఇంట్లోదో మగ్గం చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడులోనే నేను కోడలిగా అడుగుపెట్టాను. ఇంటి ముందుగదిలో గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టి మామ కూర్చునేవాడు. పొద్దున నేను కళ్ళాపి చల్లేసరికే ఆయన నేత మొదలయ్యేది. ఆ శబ్దానికి తగ్గట్టుగానే నా పనీ సాగేది. ఆగిందంటే కాఫీ పెట్టాలని, మళ్ళీ మొదలైందంటే తాగేశాడని అర్థం. నూలుకు పెట్టిన గంజి వాసన ఇల్లంతా ఉండేది, నా పెళ్ళి చీరల్లో కూడా ఉండేది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడు విని విని మామకు చెవులు మందగించాయి. ఆయనతో మాట్లాడాలంటే అత్త కేకలు పెట్టేది. కొత్తలో వాళ్ళిద్దరూ రోజూ కొట్లాడుకుంటున్నారనుకుని భయపడ్డాను. తర్వాత తెలిసింది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోందని. మామ ఎంత మొగమాటస్తుడంటే, పక్కింటికి పోయినా మంచినీళ్ళు అడిగి తాగేవాడు కాదు. ఆ ఇంట్లోనే, ఒక వేసవిలో, నిద్రలోనే పోయినాడు. మా ఆయన మగ్గం ఎక్కలేదు. ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తా పని చూసుకున్నాడు. కొన్నాళ్ళు రోజూ బస్సులో పోయి వచ్చాడు. చివరికి ఇల్లు సి.బెళగల్ వైపు నుంచి వచ్చిన ఒక రైతు కుటుంబానికి అమ్మి, ఆదోనికి మారిపోదామనుకున్నాం. అత్త ఏమీ అడ్డు చెప్పలేదు. "నా కొడుకు రోజూ బస్సులో నలిగిపోతాండాడు, పోదాం పా" అంది.

అయితే మా అత్తవారింట్లో ఒక ఆచారం ఉంది. ఇల్లు వదిలేటప్పుడు సామానంతా బయటికి చేరాక, ఖాళీ ఇల్లు ఊడ్చి, దీపం పెట్టి, ఇంటి పెద్దామె గడప దగ్గర నిలబడాలి. చెంబుతో నీళ్ళు వదిలి, ఆ ఇంట్లో పోయిన పెద్దలకు కొత్త ఇంటి జాడ చెప్పాలి. పెద్దలు వెంటనే మన వెంట బయలుదేరరట. పెద్దల అమావాస్య వచ్చేదాకా పాత చోటే ఉండి, ఆ రోజు చెప్పిన జాడ పట్టుకుని కొత్త ఇంటికి వస్తారట. ఆ రోజు వాళ్ళకు విస్తరి వేసి, కొత్త బట్టలు పెట్టి, ఇంక మాతోనే ఉండండి అని చెప్పుకుంటారు. మేం బయలుదేరిన రోజు అత్త అదంతా పద్ధతిగానే చేసింది. ఆదోని రైల్వే స్టేషను వెనక ఇల్లు, పక్కన మెట్లున్నాయి, మేడ మీదికి రావాలి అని గడప దగ్గర నిలబడి గట్టిగా చెప్పింది. బండి డ్రైవరు ఎవరితో మాట్లాడుతోందో అని తొంగి చూశాడు.

బండి సగం దారి పోయిందో లేదో, ఆ మేడ ఇంటి ఓనరు మా ఆయనకు ఫోన్ చేశాడు. వాళ్ళ తమ్ముడు పిల్లలతో దిగాడట, ఇల్లు ఇవ్వడం కుదరదట. ముందు బండి నిండా సామాను, వెనక అమ్మేసిన ఇల్లు. మా ఆయన బండి పక్కకు ఆపించాడు. మిల్లులో తెలిసినవాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టి, చీకటి పడేలోపు పత్తి మార్కెట్టు యార్డు వెనక సందులో ఒక ఇల్లు పట్టాడు. కింది ఇల్లే. నీలం తలుపు. సామాను దించే హడావిడిలో ఎవరం ఏమీ ఆలోచించలేదు. పాలు పొంగించడం కూడా మర్నాడే.

తర్వాత చిరునామాలు మార్చే పని నెత్తిన వేసుకున్నాను. మా ఇంట్లో కాగితాల పని నాదే. మా ఆయన మిల్లులో ఊరందరి లెక్కలూ రాసి, ఇంటికొచ్చి కరెంటు బిల్లు చూస్తే జడుసుకుంటాడు. అద్దె కాగితం సంచిలో పెట్టుకుని ఆధార్ కేంద్రానికి పోయాను. బ్యాంకుకు, గ్యాసు ఏజెన్సీకి, రేషను కార్డు కోసం వార్డు సచివాలయానికి తిరిగాను. ఒక చోట ఆధార్ మారితేగానీ మార్చం అంటారు, ఆధార్ దగ్గర సర్వరు రాలేదంటారు. పోస్టాఫీసులో మాత్రం ఒకాయన చల్లగా కూర్చోబెట్టి, పాత ఊరికి వచ్చే ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్ళించమని ఆ పాత ఊరి పోస్టాఫీసుకే ఎలా రాసివ్వాలో చెప్పాడు. ఇంటికొచ్చి ఒక్కొక్కటీ అయిపోయిందని గొప్పగా చెప్పుకునేదాన్ని. అత్త గుమ్మంలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతూ వినేది. ఒకరోజు తుంచడం ఆపి, "గ్యాసోళ్ళకు సెప్తివి, బ్యాంకోళ్ళకు సెప్తివి. మీ మామకు సెప్పినావా?" అంది.

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆమె మొహం చూసి ఆ నవ్వు మింగేశాను. అప్పటికి కొన్నాళ్ళుగా అత్త సరిగ్గా తినడం లేదు. కొత్త నీళ్ళు పడలేదేమో అనుకున్నాం. సంగతి ఇదని అప్పుడు బయటపడింది. అమావాస్య దగ్గర పడుతోంది. మామకు చెప్పింది స్టేషను వెనక మేడ ఇల్లు. "ఆయప్ప ఆడికి పోతాడు మ్మే. మెట్లెక్కి సూస్తే తెలీనోళ్ళు ఉంటారు. అడిగే మనిషా? ఆకలితో మెట్ల కాడ నిలబడి నిలబడి ఎనక్కి పోతాడు. పోతే పాతింట్లో కూడా మనం ల్యాకపోతిమి" అంది. మా ఆయన సర్ది చెప్పబోయాడు. "ఈడ నుంచే సెప్పుకోమ్మా, వాళ్ళకు యాడున్నా ఇనపడదా?" అన్నాడు. "ఈడ సెప్తే ఈడుండేవాళ్ళు ఇంటారు. ఆయప్ప ఆడుండాడు" అంది అత్త. పోస్టాఫీసు పద్ధతి కూడా అదే కదా అనిపించింది నాకు.

అమావాస్యకు ముందు, మా ఆయనకు మిల్లు ఉందని, నేనూ అత్తా ఎమ్మిగనూరు బస్సెక్కాం. దారి పొడుగునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. జాడ తప్పు లేకుండా చెప్పాలని కాబోలు, వల్లె వేసుకుంటోంది. బస్టాండులో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల వాసన ముక్కుకు తగిలింది. మామకు ప్రాణం ఆ ఉగ్గాని. "తిందామా అత్తా" అంటే తల అడ్డంగా ఊపింది. మగ్గాల వీధిలోకి తిరిగాక ఆమె నడక దానంతటదే తేలికపడింది. ఇంటి ముందుకొచ్చి మాత్రం ఇద్దరం ఆగిపోయాం. గడప లేదు. తలుపు వెడల్పు చేసి, కింద నున్నటి బండలు పరిచారు. అత్త ఆ బండల వంక చూస్తూ, "గడప ల్యాకుంటే యాడ నిలబడి సెప్పేది?" అంది నాతో, చిన్నపిల్ల అడిగినట్టు.

లోపల్నుంచి ఇంటామె వచ్చింది. నా ఈడుదే. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. వచ్చిన పని చెప్పేసరికి ఆమె మొహం మారిపోయింది. "మా ఇంట్లో నిలబడి సచ్చిపోయినోళ్ళను పిలుస్తావా అవ్వా? అమావాస్య దినాల్లో?" అంది. తప్పు పట్టలేం, ఎవరైనా అదే అంటారు. ఇంక లేచిపోదామని నేను అత్త చెయ్యి పట్టుకున్నాను. అత్త కదల్లేదు. "పిలిసేకి కాదమ్మా, తోలుకపోయేకి వచ్చినా. నేను సెప్పకపోతే ఆయప్ప నీ ఇంట్లోనే ఉండిపోతాడు" అంది. ఆ ఇంటామె చేతిలోని మజ్జిగ చెంబు గబుక్కున కింద పెట్టింది. "అయితే సెప్పవ్వా, బాగా సెప్పు, యాడ నిలబడాలంటే ఆడ నిలబడి సెప్పు" అంది.

గడప లేదు కాబట్టి మగ్గం గుంత దగ్గర చెప్తానంది అత్త. గుంత కూడా అప్పటికే పూడ్చేశారు. ఆ చోట ఇప్పుడు ఫ్రిజ్ ఉంది. అత్త ఫ్రిజ్ పక్కన గొంతుక్కూర్చుని, నేల మీద చెయ్యి పెట్టి, వీధి వినపడేలా కేక పెట్టింది. "యామయ్యో, ఇంటాండావా! స్టేషను కాడ ఇల్లు కాదు! ఆడికి పోవద్దు! పత్తి మార్కెట్టు యార్డు ఉంది సూడు, దాని ఎనక సందు. సందు మొగదాల సోడా అంగడి. ఆడ తిరుక్కో. నీలం తలుపు. కింది ఇల్లే, మెట్లెక్కే పని ల్యా!" పక్కింటివాళ్ళు వచ్చి తలుపు దగ్గర గుమిగూడారు. ఎవరో కొత్తామె "యాం జగడం?" అని అడిగింది. మామ చెవుల సంగతి తెలిసిన పాతవాళ్ళు మాత్రం చేత్తో సైగ చేసి ఆమెను ఆపారు. నేను అన్ని ఆఫీసుల్లో ఇచ్చిన చిరునామాలో డోరు నంబరు, వార్డు, పిన్‌కోడు ఉన్నాయిగానీ, ఆమె చెప్పిన వాటిల్లో ఒక్కటీ లేదు. అప్పుడే ఫ్రిజ్ గుర్రుమని ఆగిపోయింది. "ఊ అన్నాడు" అంది ఆ ఇంటామె, భయంతోనో సరదాగానో నాకు తెలీదు.

మేం బయలుదేరుతుంటే ఆమె గుమ్మం దాకా వచ్చింది. మనసు కరిగినట్టుంది. "ఒకేళ ఇనపడకపోయినా దిగులు పడొద్దవ్వా. అమావాస్య నాడు మావాళ్ళకు పెట్టేటప్పుడు పెద్దాయనకు కూడా ఒక విస్తరి ఏస్తాలే. ఉగ్గాని చేస్తా" అంది. మంచి మనిషి, ఎంత మంచి మాట అనుకున్నాను. బస్సెక్కాక అత్త కిటికీ పక్కన కూర్చుంది. పత్తి చేలు, ఆముదాలు, ఎర్రనేల అన్నీ వెనక్కి పోతున్నాయి. ఉన్నట్టుండి, "ఆమె ఉగ్గాని బాగా చేస్తాదంటావా?" అంది. నాకు నవ్వాగలేదు. ఈసారి ఆమె కూడా నవ్వింది. కాసేపటికి మళ్ళీ మొహం వాల్చేసుకుంది. "ఇన్నాడంటావా మ్మే?" అని అడిగింది. విన్నాడనే అన్నాను, ఫ్రిజ్ సాక్షిగా.

అమావాస్య నాడు మా ఇంట్లో పొద్దున్నుంచీ పొయ్యి ఆరలేదు. ఓళిగలు, వడలు, పాయసం, గోరుచిక్కుడు కూర, అన్నిటితోపాటు గిన్నెడు ఉగ్గాని. మామ ఫోటో ముందు కొత్త పంచె పెట్టి విస్తరి వేసి చూస్తే అత్త లేదు. ఇల్లంతా వెతికి వీధిలోకి వచ్చాను. సందు మొగదాల, సోడా అంగడి పక్కన, ఎండలో నిలబడి ఉంది. కొత్త పత్తి అప్పుడప్పుడే దిగుతున్న రోజులు. యార్డు వైపు నుంచి తెల్లటి నూగు గాల్లో తేలుతూ వచ్చి ఆమె జుట్టు మీద, భుజాల మీద వాలుతోంది. ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోతున్నా ఆమె పట్టించుకోవడం లేదు. చెవిటి మనిషి, సగమే విని ఉంటే, ఇక్కడిదాకా వచ్చి మలుపు తప్పిపోతాడని ఆమె భయం. పిలుద్దామని నోరు తెరిచి, మానుకుని, మా గుమ్మం దగ్గరికి వెనక్కి వచ్చి నిలబడ్డాను.

కాసేపటికి ఆమె ఇటు తిరిగింది. ఒక్కతే నడిచి వస్తోంది. రోజూలా సందు మధ్యలో కాదు, ఒక పక్కగా, ఇంకొక మనిషికి చోటు వదిలి. అడుగు కూడా ఆమెది కాదు. మామ నడిచినట్టు, గుంతలో కూర్చుని కూర్చుని బిగుసుకుపోయిన మోకాళ్ళకు సరిపడా నిదానం. దగ్గరికొచ్చేసరికి మాటలు వినిపించాయి, కేకలు కావు, ఎన్నడూ ఆమె నోట వినని మెల్లటి గొంతు. "ఈ పక్కకు రా. ఈడ మోరీ ఉంది, సూసుకో. ఇంగొచ్చేసినాం. అదో, నీలం తలుపు." తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నానని అప్పుడు తెలిసి, ఇద్దరు పట్టేంత పక్కకు జరిగాను.

ఆ అత్త కూడా ఇప్పుడు లేదు. కాలం ఎవరి కోసమూ ఆగకుండా గబగబా పోతుందని అందరూ అంటారుగానీ, ఆ మధ్యాహ్నం మాత్రం అది మా సందులో ఒక ముసలామె చెయ్యి పట్టుకుని, మోరీ చూసుకుంటూ, నిదానంగా నడిచి మా ఇంట్లోకి వచ్చింది.