పసుపు గీతకు ఇవతల

శనివారం పొద్దున్నే లేవమంటే నాకు ఒళ్ళు మండుతుంది. వారంలో మూడు లాంగ్ డేలు, అంటే పన్నెండేసి గంటల డ్యూటీలు చేసే నర్సుకి శనివారం నిద్రపోవడానికి దేవుడిచ్చిన రోజు. అలాంటిది ఆ చలికాలమంతా శనివారం ఏడింటికల్లా లేచి, కార్డిఫ్ నుంచి ముప్పావుగంట కారు నడుపుకుంటూ కొండల మధ్య ఒక చిన్న ఊరి హాలుకి వెళ్ళేదాన్ని. పిస్టల్ కాల్చడం నేర్చుకోవడానికి.

ఈ మాట చెబితే మనవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత మా ఆయన వైపు జాలిగా చూస్తారు. నేను చేరాలనుకున్నది ఇక్కడి సైన్యం రిజర్వులో, నర్సుగా. ఆసుపత్రి ఉద్యోగం మానక్కర్లేదు. కొన్ని శని, ఆదివారాలూ, ఏడాదికో రెండు వారాలూ శిక్షణకు వెళ్ళాలి, అవసరమొస్తే పిలుస్తారు. అక్కడ నర్సుల చేతికి మామూలుగా ఇచ్చేది పిస్టలే. రోగులనీ తమనీ కాపాడుకోవడానికి. దానికి ఒక పరీక్ష ఉంటుంది. చేరాక అన్నీ మొదటి నుంచి మేమే నేర్పుతాం, ముందే ఏమీ వచ్చి ఉండక్కర్లేదని రిక్రూటింగ్ ఆఫీసులో చెప్పారు. నేను నమ్మలేదు. పరీక్ష అనే మాట వినగానే ఆరు నెలల ముందే పుస్తకం తెరిచే జాతి మనది.

ఎందుకు చేరాలనుకున్నానంటే గొప్ప కారణమేమీ లేదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో కవాతు జట్టులో ఉన్నాను. ఒకసారి మమ్మల్ని మైదానానికి తీసుకెళ్ళి తలా ఐదు తూటాలు కాల్చనిచ్చారు. నా జీవితంలో ఎవరూ చెప్పకుండా, ఎవరి కోసమూ కాకుండా, నాకు నేనుగా కోరుకున్నది అదొక్కటే. మిలిటరీ నర్సింగ్‌కి అప్లికేషన్ కూడా నింపాను. పెళ్ళి కుదిరింది, కాగితం ట్రంకుపెట్టె అడుగుకి పోయింది. నలభై దగ్గర పడుతుంటే ఆ కాగితం మళ్ళీ గుర్తుకు రావడం మొదలెట్టింది. అంతే.

మా ఆయన సాఫ్ట్‌వేరు. ఇంట్లోనే కూర్చుని పనిచేస్తారు. విన్న రోజున ల్యాప్‌టాప్ మూసి మరీ అడిగారు.

"నీకేమన్నా మతిపోయిందా? ఉన్న డ్యూటీల రోటా చాలక కొత్త రోటా ఒకటి తగిలించుకుంటావా? అసలు డ్యూటీ నుంచొచ్చాక నీ చెయ్యి ఎట్లా వణుకుతుందో చూసుకున్నావా? టీ కప్పే నిలబడదు, పిస్టల్ ఏం నిలబడుతుంది?"

"అందుకేగా నేర్చుకుంటానంటున్నా."

"సరే, ఒక పని చెయ్యి. నువ్వు చేరతానన్న షూటింగ్ క్లబ్బులో నేర్పే ముసలాయన ఉన్నాడన్నావుగా. నీ చేతికి పిస్టల్ ఇవ్వొచ్చని ఆయన సంతకం పెడితే ఫారం పంపు. నేను ఒక్క మాట అంటే ఒట్టు. పెట్టకపోతే మాత్రం ఈ ఊసు ఇంక మన ఇంట్లో ఎత్తగూడదు."

కోపమొచ్చింది గానీ కాదనలేకపోయాను, చెయ్యి వణికే మాట నిజమే కాబట్టి. అలా నా ఫారం ఒక సంతకం మీద ఆగింది.

ఈ దేశంలో మామూలు మనిషి తూటాల పిస్టల్ ముట్టుకోవడానికే లేదు. గాలితో పేలే ఎయిర్ పిస్టల్‌తో క్లబ్బుల్లో సాధన చేసుకోవాలి. మా క్లబ్బుది పాత హాలు. హీటరు పేరుకే ఉంటుంది. ఒక చివర గురిపెట్టే అట్టలు, పది మీటర్ల ఇవతల మేము. మా వెనక నేల మీద ఒక పసుపు గీత. నేర్పే పెద్దాయన ఒకప్పుడు సైన్యంలో పిస్టల్ నేర్పినవాడు. డెబ్బై దాటాయి. ఇక్కడి పెద్దవాళ్ళు అందరినీ పిలిచినట్టే నన్నూ "లవ్" అని పిలిచేవాడు, మనం అమ్మా అన్నట్టు. మా నాన్న వయసు మనిషి అలా పిలుస్తుంటే మొదట్లో మొహం తిప్పుకునేదాన్ని, తర్వాత అలవాటైపోయింది. కొత్తవాళ్ళందరికీ ఒక కార్డు ఉండేది. మూడు నెలలు చూసి, ఈ మనిషి ప్రమాదం లేని మనిషి అనిపిస్తేనే ఆయన దాని మీద సంతకం పెడతాడు.

ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన నియమం ఒకటే. "లైన్ క్లోజ్డ్" అని అరవగానే పిస్టల్ ఖాళీ చేసి, తెరిచి, కింద పెట్టి, పసుపు గీత వెనక్కి వచ్చేయాలి. అప్పుడు కొందరు ముందుకెళ్ళి అట్టలు మారుస్తారు. వాళ్ళు వెనక్కి వచ్చి, మళ్ళీ "లైన్ ఓపెన్" అనేదాకా పిస్టల్ మీద ఒక్క వేలు కూడా పడకూడదు.

నేను ఇంట్లో కూడా కష్టపడ్డాను. నాలుగు పింట్ల, అంటే రెండు లీటర్ల పైచిలుకు, పాలడబ్బా చెయ్యి చాచి నిమిషం పట్టుకునేదాన్ని. బట్టల క్లిప్పు చూపుడువేలితో మెల్లగా నొక్కుతూ ట్రిగ్గరు సాధన చేసేదాన్ని. పదేళ్ళ మా అమ్మాయి అటూ ఇటూ పోతూ "మమ్, యూ లుక్ సో వియర్డ్" అనేది. తెలుగు అంతా అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం కార్డిఫ్ ఇంగ్లీషులోనే.

ఇంత చేసినా ఎయిర్ పిస్టల్‌లో వేసే సీసపు గుళ్ళు గురికి కిందికే పోయేవి. పేలకముందే నా చెయ్యి ఉలిక్కిపడేది. పెద్దాయన పక్కన నిలబడి చాలాసేపు చూసి ఒక రోజు అన్నాడు.

"నీ చేతులు నీకంటే ముందు పరిగెడుతున్నాయి, లవ్."

నిజమే మరి. ఎమర్జెన్సీ వార్డులో మానిటరు కూయకముందే చేతులు లేవాలి. పదిహేనేళ్ళుగా వాటికి నేర్పింది అదే. ఇప్పుడు ఆగమంటే ఎలా ఆగుతాయి? కారులో కూర్చుని ఆ రోజు నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను.

మూడో నెల మొదటి శనివారం. సైన్యం పరీక్షలో మోకాలి మీద కూర్చుని కాల్చడం కూడా ఉంటుందని పెద్దాయన నా కోసం నేల మీద చాప పరిచాడు. ముందు రెండు రోజులూ వరసగా డ్యూటీ చేసి ఉన్నాను. ఐదు గుళ్ళు కాల్చాను. లైన్ క్లోజ్డ్ అన్నాడు. పిస్టల్ తెరిచి చాప మీద పెట్టాను. కాలు తిమ్మిరెక్కి వెంటనే లేవలేకపోయాను. అప్పటికే ఇద్దరు ముందుకెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకావిడ, క్లబ్బులో అందరికీ టీ పెట్టే రిటైర్డ్ టీచరు, సరిగ్గా నా ఎదుట అట్ట మారుస్తోంది. నేను లేచే ఊపులో నా కాలు పిస్టల్‌కి తగిలింది.

వంగాను. పిస్టల్ తాకాను. వేళ్ళు కళ్ళకద్దుకున్నాను.

చేశానన్న సంగతి కూడా నాకు తెలియదు. పుస్తకానికో, డబ్బాడు బియ్యానికో, స్టెతస్కోపుకో, దేనికి కాలు తగిలినా మనం చేసే పనే. నడక ఎంత పాతదో నాకు ఆ అలవాటూ అంత పాతది.

"డోంట్ మూవ్!"

అరిచింది పెద్దాయన. ఆ గొంతులో అంత కేక ఉందని నాకు తెలియదు. ఆయన వచ్చి పిస్టల్ తనే తీసుకుని, ఖాళీగా ఉందని చూసి, పెట్టెలో పెట్టేశాడు. తర్వాత మామూలు గొంతుతో అడిగాడు.

"ఏం చేశావు నువ్వు?"

"కాలు తగిలింది. మాలో అలా తగిలితే, తాకి, దానికి సారీ చెప్పుకుంటాం."

"పిస్టల్‌కా?"

"అవును."

ఆయన నవ్వలేదు. ముందు అట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయిన టీచరమ్మ వైపు చూపించాడు.

"సారీ చెప్పాల్సింది దానికి కాదు. ఆవిడకి."

తలకొట్టేసినట్టయింది. ఖాళీ పిస్టలే కదా అని నోటిదాకా వచ్చింది. అనకముందే సిగ్గేసింది. ఏ సిరంజి అయినా ఖాళీదే కదా అని ఎవరైనా నా వార్డులో అంటే నేను ఊరుకుంటానా? వెళ్ళి ఆవిడకి క్షమాపణ చెప్పాను. ఆవిడ నా చెయ్యి నిమిరి "నథింగ్ హాపెన్డ్, లవ్" అంది. ఆ మాటకి ఏడుపొచ్చింది. పైగా సీసం అంటిన వేళ్ళు కళ్ళకి తగిలించుకున్నాను. చేతులు కడుక్కోకుండా మొహం ముట్టుకోవద్దని రోజుకి ఎంతమందికి చెబుతానో నేను.

శిక్ష ఏమిటంటే నాలుగు శనివారాలు బెంచీ మీద కూర్చుని చూడాలి. ఐదో శనివారం ఒక్క అవకాశం. అప్పుడూ కుదరకపోతే కార్డు వెనక్కి తీసుకుంటాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదట పగలబడి నవ్వారు. నా మొహం చూసి ఆపేశారు. "పోనీలే, వదిలెయ్యరాదూ. ఎంతకని అలిసిపోతావ్?" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. అందుకే ఎక్కువ నొప్పి పెట్టింది. వదిలెయ్యాలనే అనిపించింది కూడా. అంత అలసటగా ఉంది నాకు.

వదల్లేదు. మా ఇంటి హాలులో నేల మీద పాత పేపరు పరిచాను. నడుస్తూ వచ్చి కావాలని దాన్ని తొక్కడం, చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే నిలబడటం. ఇదీ సాధన. మొదటిరోజు వంగకుండా ఒక్కసారీ ఉండలేకపోయాను. తప్పు చేస్తున్నానని ఒళ్ళంతా జలదరించేది. పుస్తకం తొక్కావని నా చేత చిన్నప్పటినుంచీ చీవాట్లు తిన్న మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని చూస్తూ "సో, ఇట్స్ అలౌడ్ నౌ?" అంది.

"కాదు. ఎప్పుడు చెయ్యాలో, ఎప్పుడు ఆగాలో నేర్చుకుంటున్నా."

"కళ్ళు పోతాయే, జాగ్రత్త!" అని లోపలి గదిలోంచి మా ఆయన అరిచారు.

ఐదో శనివారం వచ్చింది. వాన. హాలులో ఊపిరి తెల్లగా కనిపిస్తోంది. మోకాలి మీద కూర్చుని పది గుళ్ళు కాల్చాను. గొప్పగా ఏమీ కాదు, పాసు గీటుకి కాస్త పైన. లైన్ క్లోజ్డ్. పిస్టల్ తెరిచి చాప మీద పెట్టాను. ఈసారీ కాలు తిమ్మిరే. ఈసారీ టీచరమ్మే ముందుకెళ్ళింది. లేస్తుంటే, నమ్మండి, ఈసారీ తగిలింది.

రెండు చేతులూ ఎప్పుడు వెనక్కి వెళ్ళాయో తెలియదు. ఒక చేత్తో రెండో మణికట్టు పట్టుకున్నాను. గాజు చర్మంలోకి దిగింది. అలాగే రెండడుగులు వెనక్కి వేసి పసుపు గీత దాటాను. నా లోపల నుంచి ఎవరో వంగు, వంగు అంటూనే ఉన్నారు. నేను టీచరమ్మ వీపు చూస్తూ నిలబడ్డాను. బూడిదరంగు స్వెటరు, భుజం దగ్గర చిన్న చిరుగు. ఆవిడ అట్ట బిగించి, నింపాదిగా నడిచి వచ్చేదాకా ఆ చిరుగునే చూశాను. ఒకరి ప్రాణం నా చేతుల్లో ఉందని నాకు కొత్తగా తెలియక్కర్లేదు. చేతులు కదపకుండా కాపాడటం మాత్రం అదే మొదటిసారి.

పెద్దాయన బల్ల దగ్గరికెళ్ళి కార్డు మీద ఏదో రాసి, మడిచి నా చేతిలో పెట్టాడు. "వెళ్ళి పడుకో, లవ్. చచ్చేంత అలిసిపోయినట్టున్నావు" అన్నాడు.

చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని కారులో కూర్చుని కార్డు తెరిచాను. సంతకం ఉంది. మార్కుల కింద, రిమార్కు అన్నచోట, వంకర అక్షరాలతో రెండే మాటలు: "చేతులు ఆగాయి."

ఏడ్చాను. సంతోషం కొంత, అలసట ఎక్కువ. ఇంక ఫారం పంపాలి, మెడికల్ ఉంది, అసలు పిస్టల్ పరీక్ష ఇంకా ఎక్కడో ముందుంది, సోమవారం మళ్ళీ లాంగ్ డే. కళ్ళు తుడుచుకోబోతుంటే కార్డు జారి కింద పడింది. వెతకబోయి నా బూటుతోనే దాన్ని తొక్కాను.

చెయ్యి లేవబోయింది. ఆపాను. ముందు తలెత్తి అద్దంలోంచి చూశాను. వానలో పార్కింగు ఖాళీగా ఉంది, ఎదుట ఎవరూ లేరు. అప్పుడు వంగి, కార్డు తీసి, తుడిచి, తీరిగ్గా కళ్ళకద్దుకున్నాను.