కెమెరాకు ఎర్ర తొడుగు

స్టేషను ఎదురు వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం నడిపే మనిషిని అందరూ అద్దాలాయన అనే పిలుస్తారు. అసలు పేరు బోర్డు మీద ఉంది కానీ, అక్కడికొచ్చేది చూపు ఆననివాళ్ళే కనుక దాన్ని చదివినవాళ్ళు తక్కువ. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసేది ఒకటే పని. గడ్డం ఇక్కడ ఆనించమంటాడు, ఈ అద్దం బాగుందా ఆ అద్దం బాగుందా అని అడుగుతాడు. కదలని మొహాలను జానెడు దూరం నుంచి చూసీ చూసీ విసుగెత్తిందో ఏమో, సాయంత్రం ఐదు దాటితే చాలు, దుకాణం భార్యకు వదిలేసి, కెమెరా సంచి భుజాన వేసుకుని ప్లాట్‌ఫారం చివరికి చక్కా పోతాడు.

ఆగే బండ్లంటే ఆయనకు చిన్నచూపు. ఆగకుండా దూసుకుపోయే ఐదూ నలభై ఫాస్టు లోకల్ అంటే మాత్రం ప్రాణం. అదే బండిని, అదే చోటు నుంచి, ఏళ్ళ తరబడి ఫొటో తీస్తున్నాడు. ఏం మారుతుందయ్యా అందులో అని అడిగితే, వెలుతురు మారుతుంది, నీకేం తెలుసు అంటాడు.

ఇలాంటి రైలు పిచ్చోళ్ళు ఆ చుట్టుపక్కల ఆయనతో కలిపి నలుగురున్నారు. వాళ్ళకి కొన్ని కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ప్లాట్‌ఫారం చివర నిలబడేవాడి ఒంటి మీద ఎర్ర బట్ట ఉండకూడదు, ఆకుపచ్చ బట్ట ఉండకూడదు. డ్రైవరు కళ్ళు ఆ రంగుల కోసమే వెతుకుతుంటాయి. రెండు చేతులూ ఎప్పుడూ పైకెత్తకూడదు. పట్టాల పక్కన ఎవరు రెండు చేతులెత్తినా, ఎర్రది ఊపినా డ్రైవరుకు ఒకటే అర్థం, ముందు ప్రమాదముంది, ఆపు అని. ఈ కట్టుబాట్లు రాసిపెట్టింది అద్దాలాయనే. ఒకసారి ఎవరో గుమాస్తా సరదాపడి ఎర్ర టోపీతో వస్తే, పదిమందిలో పట్టుకుని కడిగేశాడు. పాపం, ఆ మనిషి మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు.

అంతటివాడికి ఒక ముసురు రోజున ఏం పోగాలమొచ్చిందో మరి. భార్య దుకాణంలోనే ఓ మూల కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కెమెరా తడుస్తోందని ఆయన గొణుగుతుంటే విని, చిరిగిన రెయిన్‌కోటు కత్తిరించి దానికో తొడుగు కుట్టింది. చక్కగా ఎలాస్టిక్ కూడా వేసింది. ఆ రెయిన్‌కోటు ఎర్రది. ఎర్రదేమిటి అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. ఒంటి మీద వేసుకునేది కాదుగా, కెమెరాకేగా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

తీరా వెళ్ళి చూస్తే, ప్లాట్‌ఫారం చివర మరమ్మతుల కోసం తలెత్తు రేకు అడ్డం పెట్టారు. బండి వచ్చేస్తోంది. వాన వెలిసీ వెలవని వెలుతురు, ఏడాదికోసారి దొరికేది. ఇంకేం ఆలోచించాడు? రెండు చేతులతో కెమెరాను రేకు పైకెత్తి, బండి ఫ్రేములో పడేదాకా అటూ ఇటూ కదిపి, బటను నొక్కి పట్టుకున్నాడు.

చక్రాలు కీచుమన్నాయి. ఎన్నేళ్ళుగానో అక్కడ ఆగని బండి, గిజగిజలాడి, సగం పెట్టెలు ప్లాట్‌ఫారం దాటాక ఆగింది. లోపల నిలబడ్డవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక పెద్దావిడ మణికట్టు విరిగింది. అద్దాలాయన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తొడుగు ఊడదీసి సంచి అడుగున కుక్కేశాయి.

డ్రైవరు కిందికి దిగి, రేకు పైన ఎవరో రెండు చేతులెత్తి ఎర్రది ఊపారని మొత్తుకున్నాడు. టికెట్ కలెక్టరు వచ్చి ఒక్కొక్కరినే అడిగాడు. అద్దాలాయన దగ్గరికీ వచ్చాడు. రోజూ కనిపించే మనిషి కదా, ఈయన చెబితే చాలు అన్నట్టు అడిగాడు.

"మీరేమైనా చూశారా మాస్టారూ?"

"లేదండీ. నేను చూడలేదు."

అంతే. ఆ మూడు ముక్కలు అనడానికి క్షణం పట్టలేదు.

దుకాణం వెనకే ఉన్న ఇంటికొచ్చి కెమెరా తెరిచాడు. ఫొటోలన్నీ పనికిరానివే, ఒక్కటి తప్ప. తడిసిన అద్దం వెనక డ్రైవరు మొహం, బ్రేకు మీద చెయ్యి, కళ్ళు తిన్నగా కెమెరాలోకి. ఇన్నేళ్ళలో ఆయన తీసిన ఫొటోలన్నిట్లోకీ అదే గొప్పది. ఆ సంగతి తన మనసుకు తట్టినందుకు ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

డ్రైవరును బండి దింపి విచారణ వేశారు. అక్కడ మనిషీ లేడు, సిగ్నలూ లేదు, ఉత్తపుణ్యానికి బ్రేకు వేశాడన్నారు. పిచ్చోళ్ళ నలుగురి ఫోను గ్రూపులో ఎవడో, డ్రైవరుకు దెయ్యం కనబడిందట అని రాశాడు. మిగతావాళ్ళు నవ్వు బొమ్మలు పెట్టారు. తనొక్కడూ ఊరుకుంటే అనుమానం వస్తుందేమోనని అద్దాలాయన కూడా ఒకటి పెట్టాడు. కెమెరా సంచి మంచం కిందికి తోసేశాడు. స్టేషనుకు పోవడం లేదేమని అడిగిన భార్యకు, ముసురు కదా, వెలుతురు లేదు అని చెప్పాడు. బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది.

పదకొండో రోజున ఒకతను దుకాణంలోకి వచ్చి, కళ్ళు చూపించుకోవాలన్నాడు. అద్దాలాయన తలెత్తి చూశాడు, ఆ డ్రైవరే. ఫొటోలో చూసీ చూసీ ఆ మొహంలో ప్రతి గీతా ఆయనకు కంఠతా వచ్చింది. అతనికి మాత్రం ఈయనెవరో తెలియదు. ఆ రోజు రేకు పైన అతనికి కనిపించింది రెండు చేతులేగా.

అక్షరాల పట్టిక వెలిగించాడు. డ్రైవరు పైవరస నుంచి ఆఖరి వరస దాకా తడుముకోకుండా చదివేశాడు. అంతటితో ఆగక, అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉన్న అచ్చువేసినవాళ్ళ పేరు కూడా చదివాడు. రంగులన్నీ సరిగ్గా చెప్పాడు. ఎరుపును మాత్రం అద్దాలాయన అన్నిటికంటే ఆఖరున చూపించాడు.

"మీ చూపుకు ఏ లోపమూ లేదండీ."

డ్రైవరు సంతోషించలేదు. కుర్చీలోంచి లేవలేదు కూడా.

"పోయిందని చెప్పినా బాగుండేది సార్. చూపు పోతే అద్దాలు పెట్టుకుంటాను. చూపు బాగుండి కూడా లేనిది కనబడిందంటే, దానికి అద్దాలెక్కడ దొరుకుతాయి? మళ్ళీ బండి ఇచ్చినా ఏ ధైర్యంతో ఎక్కను?"

మూలన మిషను చప్పుడు ఆగింది. లేనిదేమిటి బాబూ, ఏం కనబడింది అని భార్య అడిగింది. అతను చెప్పాడు. ఎర్రది అనగానే ఆమె తలతిప్పి మొగుడి మొహంలోకి చూసింది. ముసురు సంగతీ, ఎండ సంగతీ, మంచం కింది సంచి సంగతీ ఆమెకు ఒక్కసారే అర్థమైపోయాయి.

"కుట్టింది నేనే. చేతులెత్తమని నేను చెప్పలేదు కదండీ," అంది మెల్లగా.

ఆయన వెనక ఇంట్లోకి వెళ్ళి సంచి తెచ్చాడు. తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు. మడతల్లో ఇంకా తడి వాసన వస్తోంది. కెమెరాలో ఆ ఒక్క ఫొటో తెరిచి దాని పక్కన పెట్టాడు. అవి నా చేతులే అన్నాడు.

తిడతాడనుకున్నాడు, కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. డ్రైవరు ఆ గుడ్డను వేళ్ళతో నలిపి చూశాడు, ఉందో లేదో తేల్చుకుంటున్నట్టు.

"నేను దిగి అందరినీ బతిమాలుతున్నప్పుడు మీరక్కడే ఉన్నారా?"

"ఉన్నాను."

"రేపు పదింటికి విచారణ. వస్తారా?"

వెళ్ళాడు. తొడుగు, ఫొటో రెండూ అప్పగించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. నువ్వు చూడలేదన్నావుగా అని టికెట్ కలెక్టరు పదిమందిలో అడిగితే తలవంచుకుని అబద్ధమాడానన్నాడు. ఇక కెమెరాతో ఏ స్టేషనులోనూ అడుగుపెట్టకూడదని రాయించుకున్నారు. మిగిలిన ముగ్గురు పిచ్చోళ్ళు ఆయన రాసిన కట్టుబాట్లే ఆయనకు చూపించి గ్రూపులోంచి తీసేశారు. మణికట్టు విరిగిన పెద్దావిడ ఇంటికి వెళ్ళి క్షమించమంటే, ఆవిడ కట్టుతో ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఇంతకీ ఫొటో బాగా వచ్చిందా నాయనా అని అడిగింది.

డ్రైవరుకు బండి తిరిగిచ్చారు. ఐదూ నలభై ఫాస్టు మళ్ళీ అతనే నడుపుతున్నాడు. దుకాణంలో కూర్చున్న అద్దాలాయనకు ఆ చప్పుడు వినబడుతుంది. ప్లాట్‌ఫారం చివరికి రాగానే బండి కాస్త నెమ్మదిస్తుంది. ఇదివరకు అలా ఉండేది కాదు.

నెలకోసారి డ్యూటీ లేని రోజున డ్రైవరు దుకాణానికి వస్తాడు. కళ్ళు చూడమంటాడు. మొన్ననే చూశాంగా, బాగున్నాయిగా అంటే, ఇంకోసారి చూడండి సార్ అంటాడు. పట్టిక వెలుగుతుంది. పై నుంచి కింది దాకా ఒక్క అక్షరం తప్పకుండా చదువుతాడు. ఆఖరి వరస అయ్యాక ఆగి, చిన్న గొంతుతో అడుగుతాడు.

"అవన్నీ నిజంగానే ఉన్నాయి కదండీ అక్కడ?"

అద్దాలాయన లేచి పట్టిక దగ్గరికి వెళ్ళి, ఒక్కొక్క అక్షరం కింద వేలు పెట్టి, ఉందండీ, ఇదీ ఉందండీ అని చివరిదాకా చెబుతాడు.