2407 తర్వాత వచ్చిన మూడు

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. సాయంత్రాలు తొమ్మిది. పప్పు రెండుసార్లు మాడింది, రెండోసారి గిన్నెతో సహా. ఉప్పల్‌లోని ఒక డీటీపీ షాపులో సేవ్ చేసేలోపే ఎగిరిపోయిన తెలుగు, షాపాయన అంచనా ప్రకారం పదకొండు పేజీలు, నా అంచనా ప్రకారం ఏడున్నర. ఇవికాక, నేను అంకెల్లో తప్పు చేయనని ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా ఉన్న పేరు ఒకటి.

పగలు నేను మల్లాపూర్‌లో ప్లాస్టిక్ మూతలు చేసే చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. కంప్యూటర్ చదువు చదవలేదు. ఫ్యాక్టరీ వాళ్లు పాత కంప్యూటర్లు తీసేస్తుంటే ఒకటి నాచారం ఇంటికి తెచ్చుకొని, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి అందులో వేసి, చెడగొడుతూ బాగుచేస్తూ నేర్చుకున్నాను. ఆ సిస్టమ్‌కు ప్రపంచమంతా నాలాంటి వాళ్లు ఊరికే పనిచేస్తారు. ఎవరో రాసిన ప్రోగ్రాం మూలాన్ని, అంటే సోర్స్ కోడ్‌ని తెచ్చి, ఏ కంప్యూటర్‌లోనైనా సర్దుకునేలా ప్యాకేజీగా కట్టి, దానికి నంబరు వేసి పంపడం మా పని. నా పేరు మీద నలభై మూడు ప్యాకేజీలు ఉన్నాయి.

మా ఆయన రైల్వేలో పనిచేస్తాడు. ఈ వ్యవహారం మీద ఆయన అభిప్రాయం ఒక్కటే: "ఫ్యాక్టరీల మూతలు లెక్కవెడ్తవ్, ఇంట్ల డబ్బాలు లెక్కవెడ్తవ్. రెండూ ఒకటే పని. జీతం మాత్రం ఒకదానికే."

ఆ నలభై మూడింటిలో ఒకటి తెలుగు టైపు చేసే చిన్న ప్రోగ్రాం. దాన్ని రాసినాయన ఏడాదికొక కొత్త కూర్పు, అంటే వెర్షన్, విడుదల చేస్తాడు. మొదటిది 1, తర్వాతది 2. ఆ రెండోది నేను కట్టిన రోజు ఫ్యాక్టరీలో స్టాకు తనిఖీ. మా సరుకు ప్రతి పెట్టె మీదా బ్యాచ్ నంబరు వేస్తాం, ఏడాదికి రెండంకెలు, నెలకు రెండంకెలు. పొద్దుటి నుంచి అదే రాసి వచ్చిన చెయ్యి, 2 అని ఉండాల్సిన చోట 2407 వేసింది. పంపేముందు మూడుసార్లు సరిచూశాను. మూడుసార్లూ ఏడాదీ నెలా సరిగ్గానే ఉన్నాయి.

తప్పు బయటపడటానికి మూడో కూర్పు రావాల్సి వచ్చింది. రెండోదానిలో ఒక లోపం ఉంది. నాలుగైదు వరుసలు టైపు చేశాక ప్రోగ్రాం మూసుకుపోతుంది. మూడోదానిలో అది సరిచేశారు. కానీ పెద్ద నంబరే కొత్తదని ప్రతి కంప్యూటరూ నమ్ముతుంది. 2407 ఉన్న కంప్యూటర్‌కి 3 ఇస్తే పాత సరుకని పక్కన పెట్టేస్తుంది.

తప్పును అందరికీ చెప్పకుండా దిద్దే దారి కోసం ఎనిమిది సాయంత్రాలు వెతికాను. ఈలోగా ఉప్పల్ షాపాయన మునిగిపోతున్నాడు. అతనికి ఈ మధ్యే ఈ సిస్టమ్ వేసిచ్చింది నేనే. చెంగిచెర్లలోని ఒక కాలనీ సంఘం వాళ్లు తమ డైరెక్టరీ పని అతనికిచ్చారు. అరవై నాలుగు పేజీలు, ఆదివారం సభలో పంచాలి. ఆలస్యమైతే వేరే షాపుకి ఇస్తామని, ఇకమీద ఏ పనీ ఇవ్వమని ముందే చెప్పారు. బుధవారం నేను వెళ్లేసరికి పందొమ్మిదో పేజీలో ఉన్నాడు. పక్కన కూర్చుని, ఎన్ని నిమిషాలకొకసారి ప్రోగ్రాం మూసుకుంటోందో రాసుకుని లెక్క కట్టాను. ఆ వేగంతో ఆదివారానికి ముప్ఫై ఒకటో పేజీ దాటడు. ఆ సంగతి అతనికి చెప్పాను కూడా. అంత అవసరం లేదని అతని మొహం చూశాక తెలిసింది.

వెంటనే 2407 తీసేసి, నా చేత్తో 3 ఎక్కించాను. సాయంత్రమంతా ఒక్కసారి కూడా ఆగలేదు. టీ తెప్పించాడు. గురువారం మధ్యాహ్నం ఫోను.

"అక్కా, పొద్దున ఇది దానంతటదే అప్డేట్ అయింది. మళ్ల 2407 వచ్చి కూసుంది. నువ్వు జెప్పిందే గదా, పెద్ద నంబరే కొత్తదని. అది నీ మాట వింటుంది."

అలా తిరిగి రాకుండా ఆపే ఆదేశం ఒకటుందని నాకు ఆ తర్వాతి నెలలో తెలిసింది.

ఆ సాయంత్రం, తొమ్మిదోది, ఇంటర్నెట్‌లో ప్యాకేజీలు కట్టేవాళ్లందరూ చదివే చోట నా తప్పు రాశాను. ఒక అనుభవజ్ఞుడు రెండు దారులు చెప్పాడు. ఒకటి, నంబరు ముందు 1 వేసి రెండు చుక్కలు పెట్టడం; అప్పుడు 1:3 కూడా ఉత్త 2407 కంటే పెద్దదే అవుతుంది. పని అవుతుంది, కానీ ఆ మచ్చ ఎప్పటికీ పోదు. రెండోది, నంబరును 2407+really3 అని రాయడం. అంటే 2407 అన్నాం గానీ నిజానికి 3 అని; తోక ఉన్నది ఉత్త 2407 కంటే పెద్దదని కంప్యూటర్ లెక్క. ప్రోగ్రాం రాసినాయన తన లెక్కలో 2408కి చేరిన రోజున ఆ తోక ఊడిపోతుంది. నేను రెండోదే ఎంచుకున్నాను. అప్పు ఎంతదైనా తీరే అవకాశం ఉండాలి.

శుక్రవారం పొద్దున షాపు కంప్యూటర్ దాన్ని మారుమాట్లాడకుండా తీసుకుంది. శనివారం రాత్రికి అరవై నాలుగు పేజీలూ అయ్యాయి. ఆదివారం డైరెక్టరీలు కట్టలుగా ఆటోలో చెంగిచెర్ల వెళ్లాయి. చివరి పేజీలో కృతజ్ఞతల కింద షాపాయన నా పేరు వేయలేదు. 2407+really3 అని మాత్రం వేశాడు. అది ఏ ఏరియా ఫోన్ నంబరని కాలనీ వాళ్లు ఇద్దరు అడిగారట.

ఆ కాలనీ పనులు ఇప్పటికీ అతనివే. ఎప్పుడు వెళ్లినా, నేను కూర్చోకముందే అడుగుతాడు.

"ఎంత తీరిందక్కా?"

ఈ ఏడాది ఐదో కూర్పు వచ్చింది. 2408లోంచి 5 తీసేస్తే, ఇంకా 2403.