దడి అవతలి కాంపౌండరు

అరవైల నాటి మాట. నేను వెల్దుర్తికి కాపురానికొచ్చిన కొత్త. ఊళ్ళో పందులు జబ్బుచేసి చచ్చిపోతుంటే, మా ఆరు పందులకీ టీకాలు వేయించాలని అత్తయ్య పశువుల కాంపౌండరును బతిమాలి తీసుకొచ్చింది. ఆయన దొడ్లోకి అడుగుపెట్టలేదు. దడి అవతలే నిలబడి, మందు నింపిన సిరంజి నాకందించాడు.

"వాటిని నేను ముట్టుకోను. చెవి వెనకాల నువ్వే పొడువు" అన్నాడు.

అత్తయ్య పట్టుకుంటే ఐదు పందులకి వేశాను. ఆరోది చూడిపంది. అది ఒక్కసారిగా విదిలించుకునేసరికి సూది నా అరచేతిలో దిగబడింది. కేకపెట్టి కూలబడ్డాను.

"సూది విరిగిందా ఏంది?" అని అరిచాడాయన.

"ముందు పిల్ల చెయ్యి చూడయ్యా!" అంది అత్తయ్య ఏడుస్తూ.

ఆయన సిరంజి కడిగించుకుని వెళ్ళిపోయాడు.

పందులు బతికాయి. నా చెయ్యి నెలరోజులు చీము పట్టింది. మచ్చ ఏమిటని మనవరాలు అడిగితే, పంది కరిచిందని చెబుతుంటాను.