గుడ్డతో కట్టిన పొగగొట్టం

నా చిన్నప్పుడు మేము గల్ఫులో, ఫహాహీల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్న వెల్డరు. పాత కాంట్రాక్టరు దగ్గర పని మానేసి, అతనితో పోట్లాడి మా పాస్‌పోర్టులు వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ గురువారమే కడపకు మా ప్రయాణం. పాస్‌పోర్టులు బియ్యం డబ్బాలో ఉన్నాయి. అవి పోతే కదలలేమని అమ్మ రోజూ చెప్పేది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరో తలుపు తట్టారు. తీసి చూస్తే నాన్న వేసుకునేలాంటి నీలం ఓవరాలు, పసుపు హెల్మెట్టు. "పాపా, మీ నాయన పంపిచ్చినాడు. పాస్‌పోర్టులు ఇయ్యి, యల్లా, తొందరగా" అన్నాడు. మాట కూడా మా ఊరి మాటే. మూడూ తీసుకుని గుమ్మంలోకి వచ్చాను.

అప్పుడే పక్కింటి మామయ్య మెట్లెక్కి వచ్చాడు. కాకినాడ మనిషి, రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ మీద పని. నా చేతుల వంక, అతని వంక చూశాడు. అరవలేదు. మా ఇద్దరి మధ్య గడప మీద కూర్చుని, నాకో ఓడ కథ చెబుతానన్నాడు.

"నాకు టయిం లేదన్నా."

"చిన్న కథేలేవయ్యా. విని ఎల్దువుగాని."

మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు మీద గుండ్లు వేసిన జర్మన్ ఓడ ఎమ్డెన్‌కు ఉన్నవి మూడే పొగగొట్టాలట. నాలుగోది గుడ్డతో కట్టుకుని, ఇంగ్లీషు ఓడలా కనబడుతూ పినాంగ్ రేవులో దూరింది. అప్పుడే మూస్కే అనే ఫ్రెంచి యుద్ధనౌక, డిస్ట్రాయరు, గస్తీ నుంచి తిరిగొస్తోంది. ఫ్రెంచివాళ్ళు డిస్ట్రాయర్లు కట్టడం మొదలుపెట్టిన తొలి రోజుల నాటి చిన్న ఓడ, అప్పటికే పాతబడింది. ఎదురొచ్చింది తమవాళ్ళే అనుకుంది. ఎవరని అడగలేదు. అడిగే వేళకు గుండ్లు మీద పడుతున్నాయి. ఎదురు కాల్చింది, టార్పెడో కూడా వదిలింది. నిమిషాల్లో మునిగిపోయింది.

కథ మధ్యలో అతని చెయ్యి నా వైపు సాగింది. మామయ్య చెయ్యి తలుపుకు అడ్డంగా ఉంది.

"ఆ హెల్మెట్టు ఎవరిచ్చారబ్బాయ్?"

అతను హెల్మెట్టు తీసేశాడు. నుదుటి మీద చెమట. "నా పాస్‌పోర్టు ఆ కాంట్రాక్టరు కాడే ఉందన్నా. ఇవి తెస్తేనే నాది ఇస్తానన్నాడు."

మామయ్య తలుపుకు అడ్డం పెట్టిన చెయ్యి తీశాడు. తరవాత నా వైపు తిరిగి మిగతా కథ చెప్పాడు. నీళ్ళలో పడ్డ ఫ్రెంచి నావికుల కోసం ఆ జర్మన్ ఓడే ఆగి పడవలు దింపిందట, పట్టుబడే ప్రమాదం ఉన్నా. "అయి లోపల పెట్టేసి, ఈయనకి మంచినీళ్ళు పట్రా అమ్మడూ" అన్నాడు.

మర్నాడు నాన్నా మామయ్యా అతన్ని మన ఎంబసీకి తీసుకెళ్ళారు. గురువారం మేము విమానం ఎక్కాం. అతని పాస్‌పోర్టు దొరికిందో లేదో నాకు తెలియదు.

పెళ్ళయ్యాక మళ్ళీ ఈ దేశమే వచ్చాను. సాల్మియాలో మా గుమ్మం ముందు ఎవరు నిలబడినా, ఎవరు పంపారో ఫోను చేసి కనుక్కోనిదే ఏదీ చేతికివ్వను. అబద్ధమని తేలిన రోజున మాత్రం తలుపు వెంటనే వెయ్యలేను. నిన్నెవరు ఇందులోకి తోశారని అడగకుండా ఉండలేను.