సుడిగాలి ఎత్తుకుపోయిన చెప్పు

సుడిగాలి దయ్యం నా చెప్పు ఎత్తుకుపోయిందన్న కథ మీరు వినే ఉంటారు. ఏలూరులో మొదలుపెట్టింది నేనే. తాడేపల్లిగూడెం చేరేసరికి దయ్యం చెప్పుతోపాటు నన్నూ తాటిచెట్టంత ఎత్తు లేపింది. ఇప్పుడు మా పిల్లలు కూడా బళ్ళో చెప్పుకుంటున్నారు గనక, ఆ రోజు నా పెళ్ళి ఎలా మునగబోయిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పంతొమ్మిది వందల ముప్ఫైల నాటి మాట. సంబంధం ఖాయమై, ముహూర్తం మాట్లాడుకోవడానికి పెదపాడు వెళ్ళాను. కాబోయే మామగారు తమ కళ్ళం చూపించడానికి తీసుకెళ్ళారు. తూర్పారబట్టిన ధాన్యం రాశి పోసి ఉంది. ఆయనకు రాశి అంటే లక్ష్మీదేవే. చెప్పులతో కళ్ళంలోకి వచ్చాడని సొంత తమ్ముడితో ఏడాదిపాటు మాట మానేసిన మనిషి. నేను బుద్ధిగా గట్టు మీదే నిలబడ్డాను.

అంతలో చేలో సుడిగాలి లేచి, కోపమొచ్చిన మేనత్తలా గిరగిర తిరుగుతూ మావైపే వచ్చింది. "దయ్యమండీ బాబూ, ఉమ్మేయండి" అన్నాడు పాలేరు. అందరూ ఉమ్మారు. చెప్పు విసిరితే దయ్యం పారిపోతుందని మా అమ్మమ్మ చెప్పేది. నా ధైర్యం మామగారు చూడొద్దూ? ఎడమకాలి చెప్పు తీసి విసిరాను.

దుమ్ముకు అందరూ కళ్ళు మూసుకున్నారు. ముందు తెరిచింది నేనే. సుడిగాలి దాని దారిన అది పోయింది. నా చెప్పు లక్ష్మీదేవి నెత్తిన కూర్చుంది.

రెండో చెప్పు గట్టు మీద వదిలేసి పరుగెత్తి, దోసిళ్ళతో గింజలు తోసి దాన్ని కప్పేశాను.

"ఏం చేస్తున్నారండీ?" అన్నారు మామగారు కళ్ళు నులుముకుంటూ.

"గాలికి రాశి చెదిరిందండీ. సర్దుతున్నాను."

"ఎంత శ్రద్ధండీ మీకు. మరి గట్టు మీద ఒక్క చెప్పే ఉంది, ఎడమది ఏదండీ?"

"దయ్యం పట్టుకుపోయిందండీ."

ఆయన ఆకాశం వైపు చూసి దణ్ణం పెట్టారు.

ధాన్యం కొలిచేటప్పుడు చెప్పు బయటపడకుండా ఉంటుందా? సంబంధం వద్దన్న కబురు ఏ పూట వస్తుందోనని అన్నం సయించలేదు. కబురు రాలేదు. చివరకు దయ్యమే పట్టుకుపోయిందని నేనే నమ్మాను.

పెళ్ళిలో కాశీయాత్రకు గొడుగు పట్టుకుని బయలుదేరాను. ఆనవాయితీ ప్రకారం మామగారు ఎదురొచ్చి, ఇవ్వాల్సిన చెప్పులను పళ్ళెంలో గుడ్డ కప్పి తెచ్చారు. గుడ్డ తీస్తే ఉన్నది ఒక్కటే. ఎడమది, పాతది. పట్టీ సందులో ఇంకా వడ్లగింజలు.

"ఒక్కటేమిటండీ?" అన్నారు పురోహితుడుగారు.

"రెండోది అల్లుడుగారి దగ్గరే ఉందండీ. దయ్యం చాలా మంచిదండీ, కొలతలప్పుడు తెచ్చి ఇచ్చేసింది."

తరవాత నా చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నారు: "అంత కంగారులోనూ రెండో చెప్పు గట్టు మీద వదిలే వచ్చారు చూశారా, అందుకండీ పిల్లనిస్తున్నది."

ఆ పెద్దమనిషి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట సుడిగాలి కనబడితే రెండు చెప్పులూ చంకలో పెట్టుకుని, దయ్యానికి దారి ఇచ్చి నిలబడతాను. ఉమ్మినా గాలివాటు చూసుకునే ఉమ్ముతాను.