నేను పాఠ్యపుస్తకమైన వారం

ఆ రోజుల్లోనే ఇది రాసి ఉండవలసింది, కానీ అప్పటికి నాకు రాయడం రాదు. నలభై ఆరేళ్ళు వచ్చాకగాని అక్షరం నా చేతికి చిక్కలేదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచుకోవడమే నా పెద్ద చదువు. చర్చిలో ముందు వరుసలో బైబిలు ఒళ్ళో పెట్టుకుని, పక్కన మా వదిన పేజీ తిప్పితే నేనూ తిప్పేదాన్ని.

ఉదయగిరిలో ఒక హాస్టల్లో కొత్తగా వంటకు చేరాను. ఆ వారమే మతాల గురించి చదివే యూనివర్సిటీ పిల్లలు వచ్చి దిగారు. వాళ్ళ మేడమ్ కొత్త పద్ధతి పెట్టింది. వారమంతా పుస్తకం ముట్టకూడదు, ఒక్కొక్కరు ఒక మనిషిని పుస్తకంగా చదవాలి. వాళ్ళలో ఒక కళ్ళజోడు పిల్ల వంటగదిలోకి వచ్చి నన్ను ఎంచుకుంది.

"అమ్మా, బైబిల్లో మీకు ఇష్టమైన కీర్తన ఒకటి చదువుతారా?"

లేచి సాంబారు కలిపాను, ఉప్పు వేశాను, కూర్చోలేక మళ్ళీ లేచి మళ్ళీ వేశాను (ఆ పూట అందరూ మజ్జిగతోనే సరిపెట్టుకున్నారు).

"చదివేదేంది పాపా, నాకు నోటికొచ్చు. రాసుకో" అని కళ్ళు మూసుకుని అప్పజెప్పాను.

సాయంత్రం తరగతిలో నేను టీ అందిస్తుండగా ఆ పిల్ల దాన్ని చదివింది. సగానికి వచ్చేసరికి: "వెనకాల పిల్లకాయలు గమ్మునుండండి, చెప్పులు బయటే వదలండి!" గది గొల్లుమంది.

"ఇది బైబిల్లో ఉండాదా అమ్మా? చూపించు" అంది మేడమ్.

ధీమాగా బైబిలు తెచ్చాను. ఒక పేజీ తిప్పాను. ఇంకొకటి తిప్పాను. బైబిలు మూసేశాను.

"మా పాస్టరయ్య ప్రతి ఆదివారం ఆ కీర్తన చదవతా ఆడికొచ్చి అట్నే అంటాడు మేడమ్. అదీ దేవుడి మాటే అనుకున్నా. నాకు చదువు రాదు."

నవ్వు ఆగిపోయింది. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. (ఇప్పటికీ ఆ కీర్తనలో ఆ చోటుకొస్తే, చెప్పులున్నాయేమోనని ఒకసారి కాళ్ళ వైపు చూసుకుంటాను.)

కళ్ళజోడు పిల్ల వంటగది దాకా వెంట వచ్చింది. "పొద్దున్నే వస్తానమ్మా, నేర్పిస్తా."

"మీ మేడమ్ పుస్తకం ముట్టొద్దనింది గదా?"

"పుస్తకమే కదా వద్దనింది!"

మర్నాడు తెల్లారి చపాతీ పీట మీద పిండి చల్లి, ఆ పిల్ల నా వేలు పట్టుకుంటే 'అ' దిద్దాను. చెరపడానికి మనసు రాక, దాని మీదే చపాతీ వత్తి పెనం మీద వేశాను. ఎవరు తిన్నారో తెలియదు. అందరి మొహాలూ చూస్తూ వడ్డించాను.